ఉత్తరపు గోడ అవతల

బీఎడ్ చేయాల్సిన వయసులో పెళ్ళి చేసుకున్నాను. బెడ్ రెస్టు తీసుకోవాల్సిన వయసులో బీఎడ్‌లో చేరాను. తిరుపతిలో మా కాలేజీ పిల్లలు మొదటి రోజు నన్ను లెక్చరర్ అనుకుని లేచి నిలబడ్డారు. రెండో రోజు నుంచి అంకుల్ అని పిలిచి వెనక బెంచీలో కూర్చోబెట్టారు.

అంతకు ముందు నేను మైకు మునిరత్నాన్ని. చిత్తూరు నుంచి తడ దాకా తిరునాళ్ళయినా, ఎలక్షనయినా, కొత్త బట్టల షాపయినా మైకు పట్టింది నేనే. లోకానికి మందు మైకం, నాకు మైకే మైకం. అసలు నాకు మైకు అక్కర్లేదని, మర్యాదకు పట్టుకుంటానని పుత్తూరులో చెప్పుకునేవాళ్ళు. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. నా గొంతును ఒక్కసారి రికార్డు చేసుకుని, ఆటోకు తగిలించి, నన్ను ఇంట్లో కూర్చోబెట్టి ఊరంతా తిప్పారు. నా గొంతే నా పొట్ట కొట్టింది.

"నువ్వు అరిసే అరుపుకు నెలనెలా జీతం ఇచ్చేది బడి ఒగటేనయ్యా," అంది మా ఆవిడ మోహన, కుట్టుమిషను తొక్కుతూ. "డిగ్రీ ఉండాది కదా. సోషలు సారువైపో."

"సోషల్ చదివితే శోష వస్తుందే."

"ఇంగో, ఈ మాటలు పొయ్యి పిల్లోళ్ళకు సెప్పుకో. ఇన్నేండ్లు విని నా సెవులు తూట్లు పడినాయి."

అలా చేరాను. వచ్చే డీఎస్సీ నాటికి నా వయసు సరిగ్గా ఉద్యోగ అర్హత గీత మీద ఉంటుంది. బీఎడ్ చివర్లో బయటి నుంచి ఒక పరీక్షాధికారి వచ్చి, నిజమైన బడి పిల్లల ముందు నా చేత ఒక పాఠం చెప్పించి మార్కులేస్తాడు. దాన్ని ఫైనల్ లెసన్ అంటారు. అది తప్పితే మళ్ళీ ఏడాది. ఏడాది గడిస్తే గీత దాటుతాను. గీత దాటిన సీతకు కనీసం లంక దొరికింది. నాకు మళ్ళీ ఆటో వెనక మైకు కూడా దొరకదు.

ఆ కార్తీకమంతా వానలే. బంగాళాఖాతంలో ఒక వాయుగుండం పోకముందే ఇంకొకటి వచ్చి కూర్చుంది. నాకు శిక్షణకు పడిన బడి ఈతమాకుల కండ్రిగలో. వడమాలపేటలో బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కి, ఆటోవాడు "ఇంగ పోదు సార్" అన్న చోట దిగి నడవాలి. ఈత మాకు రాదు గానీ ఆ దోవలో ఆ వానలకు ఈతే గతి.

బడి ఊరికి ఉత్తరం కొసన ఉంది. బడి గోడ దాటితే ఇళ్ళు లేవు. ఒకటే ముళ్ళకంప, కంప వెనక నల్లటి గుట్ట. మబ్బు పట్టిన పూట ఆ కంపకూ గుట్టకూ తేడా తెలిసేది కాదు.

మొదటి రోజు ఎనిమిదో తరగతి హాజరు పిలిచాను. ముందు బెంచీలో ఒక పిల్ల నన్నే చూస్తోంది.

"ధరణి!"

పలకలేదు. చూస్తూనే ఉంది.

"ధరణి!"

రెప్ప కూడా వేయలేదు.

"ధరణీ!" అన్నాను, తిరునాళ్ళ గొంతుతో.

"ప్రెజెంట్ సార్," అంది, చాలా మామూలుగా.

తరగతి మొత్తం అంతే. ప్రతి పేరూ మూడుసార్లు పిలిస్తేనే. ప్రశ్నలు వేసినా అంతే. ఉత్తరం ఎటని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. "ఉత్తరం అంటే జవాబు కూడా రా! ఈ క్లాసులో ఉత్తరం దిక్కు ఉంది గానీ ఉత్తరానికి దిక్కు లేదు!" అన్నాను. నవ్వలేదు. "ఖండాలు ఏడు. ఏడు అన్నానని ఏడవకండి!" అన్నాను. ఏడవనూ లేదు. నా అరుపు ఉత్తరపు కిటికీలోంచి బయటికి పోయి, గుట్టకు తగిలి, తిరిగి వచ్చింది. మైకు మనిషిని కదా, ప్రతిధ్వని ఎంతసేపటికి రావాలో నా చెవికి తెలుసు. ఇది కొంచెం ఆలస్యంగా వచ్చింది. మధ్యలో ఎవరో విని, అర్థం చేసుకుని, అప్పుడు తిప్పి పంపినట్టు.

ఆ బడి సోషల్ టీచరు గ్రేసీ మేడం. నా శిక్షణకు గైడు ఆవిడే. ఆవిడ సంతకం లేనిదే నా రికార్డు కదలదు. నవ్వును ప్రభుత్వం మంజూరు చేయాలన్నట్టు ఉండే మనిషి.

"ఏం మేడం, పిల్లోళ్ళకు చెవుడా, నాకు శాపమా?" అన్నాను స్టాఫ్ రూములో.

"మూడు తూర్లు పిలవాల సార్. ఈ ఊర్లో అంతే."

"ఒక తూరికే పలికితే నోరు అరుగుతుందా?"

"ఒక తూరి పిలిస్తే ఎవురు పిలిచినారో తెలీదు. రెండో తూరికీ తెలీదు." ఆవిడ టిఫిన్ డబ్బా మూత పెట్టింది. "మూడో తూరి పిలిస్తే మనిషి."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. లేచి కిటికీలోంచి ఉత్తరం వైపు చూపించింది.

"ఆ కంపలో ముత్యాల కండ్రిగ అని ఊరుండె. ఇప్పుడు రెవెన్యూ లెక్కలో బేచిరాకు గ్రామం."

నా జన్మలో వినని మాట. వదులుతానా? "బే చిరాకు! చిరాకే లేని ఊరు! మేడం, మా ఆవిడ నన్ను పంపిస్తే ఆ ఊరికే పంపించాల!"

"చిరాకు కాదు సార్, చిరాగ్. దీపం. దీపం పెట్టే మనిషి లేని ఊరని అర్థం."

కుక్కర్ విజిల్ మధ్యలో ఆగినట్టు నా నవ్వు ఆగింది.

"ఈ బడి మొదట ఆ ఊరికే వచ్చింది," అంది ఆవిడ. "ఆడ పిల్లోళ్ళు శానామంది అంట. అయ్యవారిని పంపండి, అయ్యవారిని పంపండి అని అడిగి అడిగి అలిసిపోయినారంట. అయ్యవారు వచ్చే లోపల ఊరు ఖాళీ. కలరా అనేవాళ్ళు కలరా అంటారు, కరువనేవాళ్ళు కరువంటారు. బడి తెచ్చి ఈడ కట్టినారు."

"మరి పిలిచేదెవరు?"

"నేను క్రిస్టియన్ని సార్. ఇట్లాంటివి నమ్మను." ఆవిడ హాజరు పట్టీ చంకలో పెట్టుకుంది. "హాజరు మాత్రం మూడు తూర్లు పిలుస్తా."

"పలికితే ఏమవుతుంది?"

"మనిషికి ఏమీ కాదు. పలుకు పోతుందంటారు." గడప దగ్గర ఆగింది. "వంట కుప్పమ్మను సూసినారా? పుట్టు మూగ కాదు సార్ ఆమె. ఒగప్పుడు నాట్లకు ఆమె పాట లేంది ఆడోళ్ళు మడిలో దిగేవాళ్ళు కాదంట."

నమ్మానా? లేదు. నాకున్న భయం ఒక్కటే. ఫైనల్ లెసన్‌లో మార్కుల్లో పెద్ద వాటా పిల్లల స్పందనకు. ప్రశ్న వేస్తే పిల్లలు టక్కున చెప్పాలి. ప్రతి ప్రశ్నా మూడుసార్లు అడుగుతూ కూర్చుంటే పీరియడ్ అయిపోతుంది, దాంతో పాటు నేనూ అయిపోతాను. రాసుకున్నది పాఠాల పథకం, జరిగేది పాట్ల పథకం.

అందుకని చాక్లెట్లు కొన్నాను.

"ఒక్క పిలుపుకే పలికినోళ్ళకు చాక్లెట్టు!"

మొదట ఎవరూ కదల్లేదు. ధరణి చాక్లెట్టు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది.

"మా అవ్వ తిడుతుంది సార్."

"మీ అవ్వకూ ఒకటి ఇస్తాలేమ్మా. ధరణి!"

కళ్ళు మూసుకుని, "ప్రెజెంట్ సార్," అంది. అన్నాక ఒక కన్ను తెరిచి చుట్టూ చూసింది. ఏమీ కాలేదు. తరగతి మొత్తం ఊపిరి వదిలింది.

ఆ తర్వాత ఇంక ఆగలేదు. ఒకరిని చూసి ఒకరు. వారాలు తిరిగేసరికి, "ఖండాలెన్ని?" అంటే చాలు, ప్రశ్న నేల మీద పడకముందే "ఏడు సార్!" అని పైకప్పు లేచేటట్టు అరిచేవాళ్ళు. చాక్లెట్లు మానేసినా అరుపు మానలేదు. నా గొంతు వింటే చాలు, పలకడం వాళ్ళకు ఊపిరి తీసుకున్నట్టయింది. మూగ తరగతికి నోరు ఇచ్చానని మోహనతో గొప్పలు పోయాను. గ్రేసీ మేడం మాత్రం ఒకరోజు వచ్చి ఉత్తరపు కిటికీ మూసి గడియ పెట్టి పోయింది. గాలికి అది మళ్ళీ తెరుచుకుంది.

ఫైనల్ లెసన్ దగ్గర పడిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, తుపాను హెచ్చరిక అని బడి ముందే వదిలేశారు. పిల్లలు వెళ్ళిపోయారు. నేను గోడకు కొట్టిన పటాలు తడవకుండా విప్పుతున్నాను. మధ్యాహ్నమే గానీ వెలుతురు దీపాలవేళ మాదిరి ఉంది.

ఎక్కడో ఆడమనిషి పాట. నాట్ల పాట. మాటలు తెలియడం లేదు, వరస తెలుస్తోంది. ఎవరి సెల్‌ఫోనో అనుకుని బయటికి వచ్చాను.

వంటగది వెనక, ఉత్తరపు గోడ దగ్గర కుప్పమ్మ నిలబడి ఉంది. చేతిలో సాంబారు గరిటె. సన్నటి వానలో తడుస్తూ, గోడ మీద గడ్డం ఆనించి కంప వైపు చూస్తోంది. పాట కంపలోంచి వస్తోంది. కుప్పమ్మ పెదాలు ఆ పాటకు కదులుతున్నాయి, చప్పుడు లేకుండా, వరస తప్పకుండా.

నన్ను చూసి తలకు కొంగు కప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను తరగతిలోకి తిరిగి వచ్చాను. జోకు వేసుకుందామని చూశాను. ముళ్ళకంప, కంపం, కంపరం, ఏదీ అతకలేదు. ఆఖరి పటం మేకు తీస్తున్నాను. అది ప్రపంచ పటం.

"సార్!"

కిటికీ అవతల నుంచి. పిల్ల గొంతు. మంచి ఉషారుగా, చెయ్యి పైకెత్తి పిలిచినట్టు. ఇన్ని వారాలు నేను ఎదురు చూసిన పిలుపు ఎలా ఉండాలో అలాగే ఉంది.

"ఆఁ! వస్తా ఉండానమ్మా!" అన్నాను.

అంతే. అన్న తర్వాత పటం చుట్ట చుట్టాను. చుట్టాక కిటికీ దగ్గరికి పోయి చూశాను. వాన, కంప. ఎవరూ లేరు. రెండోసారి పిలవలేదు. అవసరం లేదు కదా.

గొంతు ఒక్కసారిగా పోలేదు. వాన నీళ్ళు ఇసకలో ఇంకినట్టు ఇంకింది. మర్నాడు తెల్లవారి మోహన నన్ను అదోలా చూసింది.

"ఏమయ్యా, రేత్రి నువ్వు గురక పెట్టలా. సచ్చినావేమోనని ముక్కు కాడ సెయ్యి పెట్టి సూసినా."

"గురక మాని గురి పెట్టానే, ఉద్యోగం మీద," అన్నాను. అనబోయాను. సగం మాట గాలి అయింది.

రెండు రోజులకు గుసగుస మిగిలింది. తర్వాత అదీ లేదు. తిరుపతిలో గొంతు డాక్టరు నోట్లో లైటు వేసి చాలాసేపు చూశాడు.

"గొంతు బ్రహ్మాండంగా ఉందమ్మా. వాపు లేదు, పుండు లేదు. చక్కగా పలుకుతోంది."

"పలుకుతా ఉండాదా?" అంది మోహన. "మరి యాడ పలుకుతా ఉండాది సార్?"

డాక్టరు నవ్వి మాత్రలు రాశాడు. మోహన నవ్వలేదు. ఇంటికి వచ్చాక మిషను ముందు కూర్చుని తొక్కకుండా ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా ఆవిడ నాతో అన్న మాట "రవ్వంత గమ్మునుండయ్యా" అని. ఆ రోజు ఇల్లంతా గమ్మున ఉంది. చివరికి ఆవిడే, "ఏందో ఒగటి అనయ్యా. సెత్త మాటయినా పర్లా," అంది. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఆవిడ మిషను గట్టిగా తొక్కడం మొదలుపెట్టింది, గుడ్డ పెట్టకుండానే.

పరీక్ష వాయిదా వేయమని కాలేజీకి రాసి ఇచ్చాను. వేస్తే వచ్చే ఏడాదికే అన్నారు. వచ్చే ఏడాదికి నేను గీత అవతల.

"ఒగ పని సేద్దాం సార్," అంది గ్రేసీ మేడం. నాకేం జరిగిందని అడగలేదు. "ప్రశ్నలన్నీ బోర్డు మీద రాయండి. పటం మీద పుల్ల పెట్టి సూపించండి. పిల్లోళ్ళు గట్టిగా సెప్తారు. మీరే అలవాటు సేసినారు కదా. వాళ్ళు పలికితే మీరు గట్టెక్కుతారు."

పరీక్ష రోజు ఉదయం కూడా ముసురే. పరీక్షాధికారి బాలచంద్ర గారు చిత్తూరు నుంచి వచ్చారు. పెద్దాయన, మెడకు మఫ్లర్. వెనక బెంచీలో కూర్చుని పెన్ను మూత తీశారు. నేను గొంతు పట్టుకుని సైగ చేశాను.

"జలుబా? ఈ వానలకు అందరికీ అదే. కానీయండి సార్, నాకు కావాల్సింది పిల్లోళ్ళ స్పందన."

నేను ప్రపంచ పటం తగిలించాను. బోర్డు మీద అందంగా "ఖండాలు" అని రాశాను. కింద మొదటి ప్రశ్న రాయడానికి సుద్దముక్క ఎత్తాను.

"ఏమిరా, అందురూ వచ్చినారా!"

నా గొంతు. నా తిరునాళ్ళ గొంతు. ఉత్తరపు గోడ అవతల నుంచి.

సుద్దముక్క నా చేతిలో విరిగింది. పిల్లల తలలన్నీ ఒక్కసారి కిటికీ వైపు తిరిగాయి, తర్వాత నా నోటి వైపు తిరిగాయి. నా నోరు మూసే ఉంది.

"ఈ పొద్దు ఖండాలు సెప్పుకుందాం. ఖండాలు ఏడు. ఏడు అన్నానని ఏడవగాకండి!"

ఆ మాటకు కంపలో నవ్వులు. చిన్నపిల్లల నవ్వులు, శానామంది.

బాలచంద్ర గారు తలెత్తి, మెచ్చుకోలుగా తల ఊపారు. "పక్క క్లాసులో సారు ఎవరో గానీ, గొంతు బాగుంది. పిల్లోళ్ళను బాగా నవ్విస్తున్నాడు."

ఆ వైపు పక్క క్లాసు లేదని గ్రేసీ మేడం ఆయనకు చెప్పలేదు. గుమ్మం దగ్గర నిలబడి తలుపు చెక్క పట్టుకుంది.

నేను బోర్డు మీద "ఖండాలు ఎన్ని?" అని రాశాను. అక్షరాలు కొండ దిగాయి. రాసి తిరిగేసరికి, బయట నా గొంతు అదే అడిగింది.

"ఖండాలెన్ని? నువ్వు సెప్పమ్మా. ధరణి!"

ధరణి లేచి నిలబడింది.

నేను నేర్పించిందే. ఒక్క పిలుపుకే పలకాలి. ఆ గొంతు వింటే చాలు పలకాలి. ఆ పిల్ల నోరు తెరిచింది. జవాబు దాని నాలుక మీద ఉంది. వెనక బెంచీలో పెన్ను, స్పందన అన్న గడి మీద ఆగి ఉంది. ఆ పిల్ల ఒక్క మాట అంటే ఆ గడి నిండుతుంది. ఆ వెనకే తరగతి అంతా అరుస్తుంది.

నేను నోటి మీద వేలు పెట్టుకున్నాను.

ధరణి నన్ను చూసింది. నోరు తెరిచే ఉంది. నేను వేలు తీయలేదు.

"ధరణి!" రెండో పిలుపు. ఈసారి బుజ్జగింపు ఉంది. నేను చాక్లెట్టు చూపిస్తూ పిలిచిన గొంతే.

ఆ పిల్ల నోరు మూసుకుంది. మెల్లగా కూర్చుంది. తన వేలు కూడా నోటి మీద పెట్టుకుంది. దాన్ని చూసి పక్కపిల్ల, ఆ పక్కపిల్లవాడు. ఒక్కొక్క వేలూ ఒక్కొక్క నోటి మీదకు వెళ్ళింది. తరగతి మొత్తం వేళ్ళు పెట్టుకుని కూర్చుంది.

మూడో పిలుపు రాలేదు. "సరే, మనోళ్ళు సెప్తారు," అంది నా గొంతు. కంపలోంచి కలిసికట్టుగా వచ్చింది. "ఏడు సార్!"

ఆ తర్వాత ఆ పీరియడ్‌లో నేను ఒక్క పిల్లనీ పలకనివ్వలేదు. బోర్డు మీద నా ప్రశ్నకు పలుకుతున్నారో, అవతలి ప్రశ్నకు పలుకుతున్నారో ఎవరికి తెలుసు? రాశాను, చూపించాను, చెరిపాను. పుల్ల పెట్టిన చోట ఒక్కొక్కరినీ పటం దగ్గరికి పిలిచి, చేత్తో తాకించాను. ఆఫ్రికా మీద అరచేతులు, ఆసియా మీద అరచేతులు. అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. అవతల పాఠం గంట దాకా సాగింది. అవతలి సారు నా జోకులన్నీ వరసగా వేశాడు. ఒక్కటి వదల్లేదు.

బాలచంద్ర గారు లేచారు. నేను ఆయన మొహం చూడలేదు. ఇంటికి పోయి మోహనకు ఏం రాసి చూపించాలా అని ఆలోచిస్తున్నాను.

"పిల్లోళ్ళ చేత ఒక్క మాట పలికించలేకపోయినారు సార్. ఆ గడిలో నేను సున్నా కాక ఇంకేం వేయను?" అన్నారు. మఫ్లర్ సర్దుకున్నారు. "కానీ నా సర్వీసులో ఇంత గమ్మునుండే ఎనిమిదో తరగతిని నేను సూడలా. క్రమశిక్షణకు ఎంత వేయాలో నాకే తెలీలేదు. ఉన్నంతా వేసేసినా."

ఆయన వెళ్ళి, బడి వదిలాక ధరణి వచ్చింది.

"పిలిచింది మీరే కదా సార్? మళ్ళ మీరే వద్దంటిరి?"

తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల కిటికీ వైపు చూసి, నా వైపు చూసి, సంచీ తగిలించుకుని ఇంటికి పరిగెత్తింది.

అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. డీఎస్సీ రాతపరీక్ష కదా, దానికి గొంతుతో పని లేదు. గీత మీద నిలబడి రాశాను, గీత లోపలే ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు పలమనేరు దగ్గర ఒక చల్లటి ఊళ్ళో సోషల్ చెబుతున్నాను. చెబుతున్నాను అన్నది వాడుక. చూపిస్తున్నాను, గీస్తున్నాను, తాకిస్తున్నాను. పిల్లలు నన్ను పటాల సారు అంటారు. పాఠాల సారు కాలేకపోయినా, ఒక దీర్ఘం, ఒక ఒత్తు దూరంలోనే ఆగాను.

మాటలు మాత్రం రాసుకుంటాను. వాటిని మోహన గుడ్డలు కుట్టించుకోను వచ్చిన ఆడవాళ్ళకు చదివి వినిపిస్తుంది. తప్పు చోట ఆగుతుంది, ఒప్పు చోట ఆగదు. శ్లేష కాస్తా శ్లేష్మం అయి కూర్చుంటుంది. "మా ఆయన రాసినాడు, నవ్వండమ్మా," అని బెదిరిస్తుంది. ఇంట్లో గొంతు ఆవిడదే ఇప్పుడు. రోజంతా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది, నిద్రలో కూడా.

మొన్న వానల్లో గ్రేసీ మేడం ఫోన్ చేసింది. కుశలం అడగలేదు. అడిగితే నేనెలా చెబుతాను?

"సార్, ఊరికే వినండి. కిటికీ కాడ పెడతా ఉండా."

వాన చప్పుడు. ముళ్ళకంపలో గాలి. ఆ తర్వాత నేను.

"జనాభా అంటే ఏందిరా? జనం, ఆభ. ఆభ అంటే వెలుగు. దీపం లేదు, దీపం లేదు అని మనల్ని రాసుకునిరే! దీపం లేకుంటే ఏమిరా, మనకు జనాభా ఉండాది కదరా!"

నవ్వులు విరగబడ్డాయి. పిల్లల నవ్వులే కాదు, పెద్దవాళ్ళవీ ఉన్నాయి, ముసలి దగ్గులతో కలిసిన నవ్వులూ ఉన్నాయి. ఒక ఊరంతా వచ్చి కూర్చున్నట్టు. నా మైకు రోజుల్లో ఏ తిరునాళ్ళలోనూ నా మాటకు అంత నవ్వు రాలేదు.

ఆ మాట నేను ఎప్పుడూ అనలేదు. నాకు తట్టలేదు కూడా.

"సిలబస్‌లో మాకంటే ముందుండారు సార్," అంటోంది గ్రేసీ మేడం, ఫోను వెనక్కి తీసుకుని. "సార్... ఉండారా? పెట్టేసేదా?"

వద్దని ఎలా చెప్పాలో తెలియక ఫోను మీద గోటితో టకటకా కొట్టాను. ఆవిడకు అర్థమైనట్టుంది. మళ్ళీ వాన చప్పుడు వచ్చింది. అవతలి సారు ఇంకో మాట వేస్తాడేమోనని, ఫోను చెవికి అదుముకుని నిలబడ్డాను.